చోంగ్‌బా తాత ముత్తాతలు: మింగ్ చక్రవర్తి వంశవృక్షాన్ని ఎలా చదవాలి

1378 వేసవిలో చైనా చక్రవర్తి, మింగ్ వంశాన్ని స్థాపించిన జు యువాన్‌జాంగ్ (పుట్టినప్పటి పేరు చోంగ్‌బా) తన తల్లిదండ్రుల సమాధి దగ్గర పాత శాసనాన్ని పక్కన పెట్టించి, కొత్తది తానే రాశాడు. పాతది 1369లో వెయ్ సు అనే పేరున్న పండితుడు రాసింది. అందులో తప్పులున్నాయని కాదు, మెరుగులు ఎక్కువయ్యాయని చక్రవర్తి అభ్యంతరం. కొత్త శాసనం మొదట్లోనే ఆ సంగతి చెప్పుకున్నాడు: అద్దంలో చూసుకుంటే ముఖం వడలి, జుట్టు నెరిసి కనిపించింది, పాత కష్టాలు గుర్తొచ్చాయి, ఆస్థాన పండితులు పూత పూసిన మాటలు రేపటి నా సంతానానికి హెచ్చరికగా పనికిరావు.

మన దగ్గరైనా మరెక్కడైనా రాజుల శాసనం అంటే ప్రశస్తి. వంశాన్ని ఏ సూర్యుడికో చంద్రుడికో కలిపితే తప్ప కవికి తృప్తి ఉండదు. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. అందుకే మింగ్ వంశ స్థాపకుడి పూర్వీకుల గురించి రాసేటప్పుడు చాలామంది "పేద రైతు కొడుకు, చక్రవర్తి అయ్యాడు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు. ఆ వాక్యం అబద్ధం కాదు. కానీ ఎంత పేద? ఎన్ని తరాలుగా పేద? ఆ పేదరికం గురించి మనకు ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎందుకు చెప్పారు? చిక్కుముడి అక్కడుంది.

ముందు మూలాల వరుస చూసుకోవాలి. మొదటిది, జు వంశం గురించి ఆయన చక్రవర్తి కాకముందు, 1360లలో వేయించిన వంశ శాసనం. రెండోది వెయ్ సు రాసిన 1369 నాటి సమాధి శాసనం. మూడోది ఆయన స్వయంగా రాసిన 1378 శాసనం. నాలుగోది ఆయన పోయాక మూడుసార్లు రాసి 1418లో ఖరారు చేసిన ఆస్థాన దినచర్య గ్రంథం. ఐదోది మింగ్ వంశం కూలిపోయాక, తర్వాతి చింగ్ వంశం 1739లో ముగించిన అధికారిక చరిత్ర.

మొదటి శాసనం మా వాళ్లు జూరోంగ్‌లోని జు వాడకు చెందినవాళ్లు, పైతరాల నుంచీ సేద్యమే చేసుకున్నారు అని మొదలవుతుంది. 1418 గ్రంథం మాత్రం అదే కుటుంబాన్ని పురాణకాలపు జువాన్‌షు చక్రవర్తి దగ్గర మొదలుపెట్టి, జౌ రాజులు ఇచ్చిన ఒక చిన్న రాజ్యం మీదుగా కిందికి తెస్తుంది. తల్లి కలలో మెరిసే గుళిక మింగడం, బిడ్డ పుట్టిన రాత్రి ఇంట్లో ఎర్రని వెలుగు చూసి ఇరుగుపొరుగు నిప్పంటుకుందని పరుగెత్తి రావడం వంటివన్నీ ఈ పొరలోవే. 1739 చరిత్ర వాటిలో కొన్నింటిని తీసుకుంది. కాబట్టి అద్భుతం కనబడిన చోటల్లా ఇది ఏ పొరలోది అని అడగడం మొదటి పని.

ఇక పేర్లు. ఈ కుటుంబం గురించి అందరూ తడబడేది ఇక్కడే.

చైనాలో కూడా మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. "జు" ఇంటిపేరు. యువాన్‌జాంగ్ అనేది తిరుగుబాటులో చేరాక పెట్టుకున్న గంభీరమైన పేరు. పుట్టినప్పటి పేరు చోంగ్‌బా, అంటే "జంట-ఎనిమిది". తండ్రి ఊ-సి, అంటే "ఐదు-నాలుగు". తాత చూ-యి, "తొలి-ఒకటి". ముత్తాత సి-జ్యూ, "నాలుగు-తొమ్మిది". ఆయన తండ్రి బై-ల్యూ, "నూరు-ఆరు". ఇవి పేర్లా, లెక్కల పుస్తకమా అనిపిస్తుంది.

దీనికి జనంలో రెండు వివరణలు తిరుగుతుంటాయి. ఒకటి: ఎనిమిదో నెల ఎనిమిదో రోజున పుట్టాడు కాబట్టి జంట-ఎనిమిది. ఇది నిలబడదు. ఆయన పుట్టింది చాంద్రమానం తొమ్మిదో నెల 18న, అంటే 1328 అక్టోబరు 21న. చక్రవర్తి అయ్యాక రాజ్యమంతా జన్మదినోత్సవం జరుపుకున్నదీ ఆ తొమ్మిదో నెల 18నే. (సంవత్సరం పేరు దగ్గర కూడా జాగ్రత్త అవసరం. 1328లో అప్పటి పాలకులైన మంగోలుల యువాన్ వంశంలో సింహాసనం కోసం అంతర్యుద్ధం నడిచి, ఒకే ఏడాదికి నాలుగు శకనామాలు (రాజు తన ఏలుబడి సంవత్సరాలకు పెట్టే పేర్లు) వచ్చాయి. ఒక పుస్తకంలో ఒక పేరు, ఇంకో పుస్తకంలో ఇంకో పేరు కనిపిస్తే సంవత్సరాలు వేరనుకోకూడదు.)

రెండో వివరణ: మంగోలుల యువాన్ చట్టం మామూలు జనానికి పేర్లు పెట్టుకునే హక్కు లేకుండా చేసింది, అందుకే అంకెలు. ఇది 19వ శతాబ్దపు ఒక పండితుడి రాతల ద్వారా ప్రచారంలోకి వచ్చింది. వినడానికి బాగుంటుంది గానీ, అంకెల పేర్లు మంగోలులు రాకముందు సోంగ్ కాలం నుంచే దండిగా ఉన్నాయి. యువాన్ కాలంలో మామూలు పేర్లున్న మామూలు జనమూ ఉన్నారు.

అసలు తాళంచెవి వంశ శాసనంలోనే ఉంది. అందులో అన్నదమ్ముల పేర్లన్నీ రాశారు. బై-ల్యూకి ఇద్దరు కొడుకులు: సి-ఊ, సి-జ్యూ (నాలుగు-ఐదు, నాలుగు-తొమ్మిది). సి-జ్యూకి నలుగురు: చూ-యి, చూ-అర్, చూ-ఊ, చూ-షి (తొలి-ఒకటి, తొలి-రెండు, తొలి-ఐదు, తొలి-పది). చూ-యికి ఇద్దరు: ఊ-యి, ఊ-సి (ఐదు-ఒకటి, ఐదు-నాలుగు). పేరులో మొదటి ముక్క ఆ తరమంతటికీ ఉమ్మడి. రెండో ముక్క ఆ తరంలో పుట్టిన వరుస సంఖ్య. ఆ వరుస ఒక్క తండ్రి బిడ్డలది కాదు, పెదనాన్న చిన్నాన్న పిల్లలందరినీ కలిపి వేసింది. అందుకే అన్నదమ్ముల మధ్య అంకెలు ఎగిరిపోతాయి.

చివరి తరంలో ఈ లెక్క కళ్లముందే తేలుతుంది. పెదనాన్న ఊ-యి కొడుకులు చోంగ్-1, 2, 3, 5. తండ్రి ఊ-సి కొడుకులు చోంగ్-4, 6, 7, 8. రెండు ఇళ్లూ కలిపితే ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒక్క అంకె తప్పిపోలేదు, ఒక్కటీ రెండుసార్లు రాలేదు. చోంగ్‌బా అంటే "చోంగ్ తరంలో ఎనిమిదోవాడు", అంతే. మన ఊళ్లలో పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అన్నట్టు. కాకపోతే ఉమ్మడి కుటుంబమంతటికీ కలిపి. ఆయన సేనాని, తోటి ఊరివాడు తాంగ్ హ వంశంలో కూడా ముత్తాత "ఐదు-ఒకటి", తాత "ఆరు-ఒకటి", తండ్రి "ఏడు-ఒకటి". తరం మారినకొద్దీ మొదటి అంకె ఒక్కో మెట్టు పెరుగుతోంది. హువాయ్ నది వైపు పల్లెల్లో ఇది మామూలు అలవాటు.

ఈ పేర్లలో ఇంకో సంగతి దాగి ఉంది. వరుస సంఖ్య వేయాలంటే దాయాదుల లెక్క ఎవరో ఒకరు ఉంచుకోవాలి. ఊళ్లు మారి చెల్లాచెదురైన కూలి కుటుంబానికి అది కుదరదు. అంటే ఈ జు వాళ్లు మరీ వేరూ మొదలూ లేని జనం కాదు. వంశ శాసనం చెప్పే కథ కూడా అదే వైపు చూపిస్తుంది.

జూరోంగ్ ఇప్పటి జియాంగ్సు రాష్ట్రంలో, నాంజింగ్‌కి తూర్పున ఉంది. 1279లో దక్షిణ సోంగ్ రాజ్యం కూలి, యువాన్ పాలన వచ్చాక కుటుంబాలను వృత్తుల వారీగా చిట్టాల్లో ఎక్కించారు: సైనిక కుటుంబం, చేతిపని కుటుంబం, ఉప్పు కుటుంబం, ఇలా. చిట్టాలో ఏ పేరు పడితే ఆ వెట్టి తరతరాలకూ మెడకు చుట్టుకుంటుంది. జు వాళ్ల పేరు పడింది "బంగారం కడిగే కుటుంబాల" చిట్టాలో. ఇసుక కడిగి బంగారం తీసి, ఏటా ఇంత అని సర్కారుకు అప్పగించాలి. చిక్కేమిటంటే జూరోంగ్‌లో బంగారం లేదు. పండించింది అమ్ముకుని, వేరే ఊరి సంతలో బంగారం కొనుక్కొచ్చి కట్టాలి. ధాన్యం ధర పడిపోయినా నష్టమే, బంగారం ధర పెరిగినా నష్టమే. సర్కారు అడిగే పరిమాణం మాత్రం మారదు. కొన్నేళ్లకు తాత చూ-యి పొలమూ ఇల్లూ వదిలేసి ఇద్దరు కొడుకులతో ఉత్తరానికి, హువాయ్ నది ఒడ్డున సిజౌ వైపు షూయి ప్రాంతానికి పారిపోయాడు.

అప్పటికి పెద్దవాడు ఊ-యికి 12 ఏళ్లు, చిన్నవాడు ఊ-సికి 8 అని శాసనం చెబుతుంది. దీంతో తేదీ కట్టవచ్చు. ఊ-సి 1344లో 64వ ఏట పోయాడు. చైనా లెక్కలో బిడ్డ పుట్టగానే ఒక ఏడు. కాబట్టి 1344 నుంచి 63 తీయాలి, పుట్టింది 1281. ఎనిమిదో ఏడు అంటే సుమారు 1288. సోంగ్ రాజ్యం పోయి పదేళ్లు కూడా కాలేదు. పుస్తకాల్లో ఈ తేదీలు ఒక ఏడాది అటూ ఇటూ కనిపించడానికి కారణం ఎక్కువసార్లు ఈ వయసు లెక్కే.

పారిపోయినవాడు అక్కడ అడుక్కుతినలేదు. సిజౌలో చూ-యి పొలం సంపాదించాడు, ఇల్లు నిలబెట్టాడు. యుద్ధాల్లో ఖాళీ అయిన నేల అది. ఆయన పోయాకే సంసారం చితికిపోయింది. "తరతరాల నిరుపేదలు" అనే మాట సరికాదని నేననేది ఇందుకే. ఈ కుటుంబం రెండుసార్లు నిలదొక్కుకుని రెండుసార్లు కూలింది: మొదటిసారి పన్ను దెబ్బకు, రెండోసారి తాత చావుతో. మనకు తెలిసిన గొర్రెల కాపరి, బిచ్చగాడు చోంగ్‌బా కనిపించేది ఆ రెండో పతనం అడుగున.

ఆ పతనం ఎలా సాగిందో పిల్లలు పుట్టిన ఊళ్లే చెబుతాయి. ఊ-సి పెద్దకొడుకు పుట్టింది షూయిలో. రెండోవాడు, మూడోవాడు ఊహె అనే చోట. చోంగ్‌బా జోంగ్‌లిలో, అంటే ఇప్పటి అన్‌హుయ్ రాష్ట్రపు ఫెంగ్‌యాంగ్‌లో. సొంత నేల లేని కౌలుదారు బతుకు ఇది. జోంగ్‌లిలో కూడా ఒకే చోట ఉండలేదు. తూర్పు పల్లె, పడమటి పల్లె, ఆ తర్వాత తైపింగ్ పల్లె. అక్కడే 1344 వచ్చింది.

అంతకు ముందు తల్లి వైపు ఒక మాట, ఎందుకంటే దీన్ని చాలామంది వదిలేస్తారు. తల్లి చెన్ వారి ఆడపడుచు. ఆమె తండ్రి దక్షిణ సోంగ్ సేనాని జాంగ్ షిజియె కింద సైనికుడు. 1279లో యాషాన్ దగ్గర సముద్రంలో సోంగ్ నౌకాదళం మునిగినప్పుడు ప్రాణాలతో బయటపడి, తిప్పలు పడుతూ ఊరికి చేరాడు. తర్వాత షూయిలో మంత్రాలు, శకునాలు చెప్పి పొట్టపోసుకుంటూ 99 ఏళ్లు బతికాడు. మనవడు చక్రవర్తి అయ్యాక ఆయనకు రాజు బిరుదు ఇచ్చి, ఆస్థాన పండితుడు సోంగ్ లియాన్ చేత శాసనం రాయించారు. చదువు ఎరగని ఇంట్లో పిల్లలకు కథలు చెప్పగలిగిన పెద్ద దిక్కు బహుశా ఈ తాతే. ఓడిపోయిన సోంగ్ రాజ్యపు జ్ఞాపకం జు కుటుంబంలోకి పుస్తకాల నుంచి రాలేదు, ఈయన నుంచి వచ్చింది అనుకోవడం అతిశయోక్తి కాదు.

1344లో కరువు, మిడతలు, మహమ్మారి ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. నాలుగో నెల 6న తండ్రి పోయాడు. 9న పెద్దన్న. 22న తల్లి. పదహారు రోజుల్లో ఇల్లు ఖాళీ అయింది. పాతిపెట్టడానికి నేల లేదు; భూస్వామి ల్యూ ద గద్దించి పొమ్మన్నాడు. చివరికి ఆ భూస్వామి అన్న ల్యూ జిజూ ఒక ముక్క ఇచ్చాడు. పెట్టె లేదు, చినిగిన బట్టలే కప్పి, మూడడుగుల లోతు మట్టి వేసి, పెట్టడానికి పిండమైనా లేకుండా ముగించామని 1378 శాసనంలో చక్రవర్తే రాసుకున్నాడు. నేల నిరాకరించినవాడి పేరు రాతిలో ఎక్కింది. నేల ఇచ్చినవాడికి చచ్చిపోయాక సామంత బిరుదు దక్కింది.

ఆ శరదృతువులో వాంగ్ అనే పొరుగింటి ముసలమ్మ ధూపం, మద్యం సమకూర్చి, కొడుకుని తోడిచ్చి చోంగ్‌బాను హువాంగ్‌జుయె బౌద్ధ మఠంలో చేర్పించింది. మన లెక్కలో పదహారు నిండలేదు. రెండు నెలలు కాకముందే మఠాధిపతి గాదెలకు తాళం వేసి అందర్నీ బిచ్చానికి పంపేశాడు. హువాయ్ నదికి పడమర హఫెయ్, గుషి, షిన్‌యాంగ్, బోజౌల వరకూ మూడేళ్లకు పైగా తిరిగాడు. 1352లో మఠం కాలిపోయాక యువాన్ పాలన మీద తిరగబడ్డ ఎర్ర తలపాగాల దళపతి గువో జిషింగ్ దగ్గర సిపాయిగా చేరాడు. తర్వాతి కథ అందరికీ తెలిసిందే: 1356లో నాంజింగ్, 1368 జనవరిలో సింహాసనం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత హీనస్థితిని రాతి మీద చెక్కించడం వినయమా? నేననుకోవడం, అది వినయం కన్నా పెద్ద లెక్క. చైనా రాజనీతిలో పాలించే హక్కు ఆకాశం ఇస్తుంది. వంశం గొప్పదైతే అధికారం వంశం వల్ల వచ్చిందంటారు. సైన్యం గొప్పదైతే సైన్యం వల్ల అంటారు. ఏమీ లేనివాడికి వస్తే ఆకాశం ఇచ్చిందనక తప్పదు. "నేను హువాయ్ కుడివైపు నూలుబట్టల మనిషిని" అని తన ప్రకటనల్లో ఆయన పదే పదే చెప్పుకున్నాడు. నూలుబట్టల మనిషి అంటే పట్టుకు, పదవికి నోచుకోని సామాన్యుడు. వయసు పెరిగినకొద్దీ ఆ మాట తగ్గించలేదు, పెంచాడు.

తగ్గించింది మరొకటి. వంశ శాసనంలోనే ఒక చిన్న భాగం ఉంది: లోంగ్‌ఫెంగ్ శకం 9వ సంవత్సరంలో, అంటే 1363లో, తన తండ్రికీ తాతకూ ముత్తాతకూ బిరుదులు వచ్చాయని. లోంగ్‌ఫెంగ్ శకం ఎవరిది? ఎర్ర తలపాగాలు సోంగ్ వారసుడని నిలబెట్టిన హాన్ లిన్అర్‌ది. మూడు తరాలకు బిరుదులివ్వడం పెద్ద అధికారికి జరిగే మర్యాద. చక్రవర్తి పూర్వీకులకైతే నాలుగు తరాలు. అంటే 1363 నాటికి జు యువాన్‌జాంగ్ ఒకరి కింద కొలువు చేస్తున్నవాడు, ఆ కొలువును తన పూర్వీకుల రాతి మీదే ఒప్పుకున్నాడు. హాన్ లిన్అర్‌ను నాంజింగ్‌కి తెస్తున్న దారిలో అతను నదిలో మునిగి చనిపోయాడు. 1367 నుంచి లోంగ్‌ఫెంగ్ శకం వాడటం ఆగిపోయింది. తర్వాతి అధికారిక రాతల్లో దాన్ని వీలైనంత కనబడకుండా చేశారు. బిచ్చమెత్తానని చెప్పుకోవడం సులువు. ఇంకొకరి బంటుగా ఉన్నానని చెప్పుకోవడం కష్టం. పేదరికాన్ని ఆకాశం ఖాతాలో వేయవచ్చు, ఇంకొక రాజుకు చేసిన దండాన్ని వేయలేం.

1368లో నాలుగు తరాల లెక్క పూర్తి చేశాడు. బై-ల్యూ, సి-జ్యూ, చూ-యి, ఊ-సి నలుగురూ చక్రవర్తులయ్యారు. వారి భార్యలు హు, హౌ, వాంగ్, చెన్ వారి ఆడపడుచులు మహారాణులయ్యారు. ఆడవాళ్ల సొంత పేర్లు ఆ వరుసలో లేవు, పుట్టింటి పేర్లే. ఐదో తరం పేరు వంశ శాసనంలో ఉన్నా, బిరుదులు అంతకు పైకి వెళ్లలేదు, అక్కడే ఆగిపోయారు. ఇదివరకటి వంశాలు ఇలా ఆగలేదు. తాంగ్ చక్రవర్తులు తమ ఇంటిపేరు లి కాబట్టి తావో తత్వవేత్త లావోజి సంతతి అని చెప్పుకున్నారు. సోంగ్ చక్రవర్తి ఒకరు 1012లో జావో షువాన్‌లాంగ్ అనే దివ్య పూర్వీకుడినే కొత్తగా కనిపెట్టాడు. జు యువాన్‌జాంగ్‌కి కూడా చేతికందే దూరంలో ఒక పేరుంది: ఇంటిపేరు జు కాబట్టి, మహా తత్వవేత్త జు షిని ముత్తాతగా చేసుకోవచ్చు. పండితులు ఆ ప్రస్తావన తెచ్చారనీ, జు షి ఇంటిపేరే ఉన్న ఒక చిన్న ఉద్యోగి "మేం ఆయన వాళ్లం కాం" అని ఖరాఖండిగా చెప్పడం విని చక్రవర్తి సిగ్గుపడి మానేశాడనీ ఒక కథ ఉంది. కథ మాటెలా ఉన్నా, ఆయన జు షి పేరు వాడుకోలేదన్నది నిజం.

ఆయనకు ఆదర్శం వేరే ఉన్నాడు: హాన్ వంశ స్థాపకుడు ల్యూ బాంగ్. ఆయన తండ్రి పేరు చరిత్రలో "పెద్దాయన", తల్లి పేరు "ల్యూ ముసలమ్మ" అని మాత్రమే మిగిలాయి. కాకపోతే ల్యూ బాంగ్ చిన్నదైనా ఒక ఠాణా ఉద్యోగం చేసినవాడు. చైనా మొత్తాన్నీ ఏలి తరాలపాటు నిలిచిన వంశాల్లో ఇంత అడుగు నుంచి వచ్చింది చోంగ్‌బా ఒక్కడే.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. తన గతం గురించి ఎవరైనా శబ్దసామ్యంతో వెక్కిరించారని అనుమానం వస్తే ఆయన తల తీయించేవాడని, "పుట్టు" అనే మాట "సన్యాసి"లా వినిపించిందని, "నియమం" అనే మాట "దొంగ"లా వినిపించిందని పండితుల్ని చంపించాడని ఎన్నో కథలున్నాయి. వాటిలో పేరుమోసినది హాంగ్‌జౌ పండితుడు షు యిక్వెయ్ హత్య. పరిశోధకులు తేదీలు సరిచూస్తే, చచ్చిపోయాడన్న ఆ పండితుడు ఆ తర్వాత చాలా ఏళ్లు బతికే ఉన్నాడు. ఆయన క్రూరుడన్నది నిజమే, వేల మందిని చంపించాడు. కానీ తాను బిచ్చమెత్తిన సంగతి రాతి మీద చెక్కించినవాడు ఆ మాటకు ఉలిక్కిపడ్డాడనడం పొసగదు.

చిట్టాల దెబ్బకు తాత ఊరొదిలిన ఇంటివాడు రాజ్యం చేతికొచ్చాక చిట్టాలను రద్దు చేశాడా? లేదు, బిగించాడు. 1381లో పసుపు అట్ట చిట్టాలు వచ్చాయి. 110 ఇళ్లు ఒక గుంపు. వాటిలో పది పెద్ద ఇళ్లు వంతులవారీగా పెత్తనం చేస్తాయి, మిగతా వంద ఇళ్లు పదేసి చొప్పున పది భాగాలు. పదేళ్లకోసారి లెక్క తిరగరాయాలి. రైతు, సైనిక, చేతిపని, ఉప్పు కుటుంబాలు తండ్రి నుంచి కొడుక్కి. సొంత ఊరి నుంచి వంద లీలు, అంటే 50 కిలోమీటర్ల పైచిలుకు దాటాలంటే చేతిలో అనుమతి పత్రం ఉండాలి. ఆ చట్టం 1344లో ఉండి ఉంటే, చోంగ్‌బాను బోజౌ చేరకముందే పట్టుకునేవారు. తాత కథలో తప్పు చిట్టాదని ఆయన అనుకోలేదు. బంగారం లేని ఊళ్లో బంగారం రాసిన గుమాస్తాదని అనుకున్నాడు. అవినీతి అధికారుల మీద ఆయన పగకు మూలం వెతికేవాళ్లు జూరోంగ్ దాకా వెళ్లాలి.

పేర్లు కూడా మారిపోయాయి. కొడుకుల పేర్లలో కొయ్యను సూచించే గుర్తు ఒక భాగంగా ఉన్న అక్షరాలు, మనవళ్ల పేర్లలో నిప్పు గుర్తు, ఆపై మట్టి, లోహం, నీరు, మళ్లీ కొయ్య. ఒక్కో రాకుమారుడి శాఖకు ఇరవై తరాలకు సరిపడా ఇరవై అక్షరాల పద్యం ముందే రాసిపెట్టాడు. సంతానం పెరిగి లోహం గుర్తున్న అక్షరాలు చాలక, అరుదైనవీ కొత్తవీ వెతుక్కోవలసి వచ్చింది. వాటిలో కొన్ని ఈనాడు చైనా రసాయనశాస్త్రంలో క్రోమియం, రేడియం వంటి మూలకాల పేర్లుగా కనిపిస్తాయి. నిజానికి పద్ధతి పాతదే: మొదటి ముక్క తరానిది, రెండోది మనిషిది. చోంగ్-ఎనిమిదిలో ఉన్న ఏర్పాటే పట్టుబట్ట కట్టుకుంది.

సమాధుల సంగతి మిగిలింది. తల్లిదండ్రుల గోతి ఎక్కడో ఆయనకు తెలుసు; మూడడుగుల మట్టి మీద ఫెంగ్‌యాంగ్‌లో రాతి విగ్రహాల బారులతో రాజసమాధి లేచింది. తాత గోరీ మాత్రం తెలియలేదు. సింహాసనం ఎక్కిన పదహారేళ్లకు, 1384లో, జు గుయ్ అనే వంశీకుడు సిజౌ దగ్గర యాంగ్ దిబ్బ అనే చోటు చూపించాడు. 1386 నుంచి అక్కడ కట్టడం మొదలైంది. చూ-యి ఒక్కడిదే నిజమైన గోరీ. బై-ల్యూ, సి-జ్యూ ఎముకలు జూరోంగ్‌లో ఎక్కడో పోయాయి కాబట్టి వాళ్లిద్దరి పేర యువరాజు వచ్చి రాజవస్త్రాలూ కిరీటాలూ పాతిపెట్టాడు. 1680లో హోంగ్‌జ సరస్సు పొంగి సిజౌ పట్టణాన్ని, దాంతోపాటు ఆ సమాధినీ ముంచేసింది. 1960లలో నీళ్లు తగ్గినప్పుడు బురదలోంచి రాతి సింహాలు, గుర్రాలు, కొలువుదారులు పైకి తేలారు. 21 జతల విగ్రహాలు ఇప్పుడు షూయిలో బారుగా నిలబడి ఉన్నాయి. చూ-యి గోరీ గది వంపు ద్వారాలు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి.